మాగ్నాకార్టా: హక్కుల పత్రమా, జమీందార్ల బేరమా?

గ్రూప్స్_పక్షి:
అందరికీ నమస్కారం. గ్రూప్-1కి చదువుతున్నా. మా గైడులో మాగ్నాకార్టాలు మూడున్నాయి. రాజ్యాంగం మూడో భాగం 'భారతదేశపు మాగ్నాకార్టా'. 1858 విక్టోరియా రాణి ప్రకటనా మాగ్నాకార్టాయే. 1854 ఉడ్స్ డిస్పాచ్ 'ఆంగ్ల విద్యకు మాగ్నాకార్టా'. మూడూ బట్టీ కొట్టేశా. ఇన్నిటికి పేరు అరువిచ్చిన, 1215లో ఇంగ్లండు రాజు రాసిచ్చిన అసలు చార్టర్లో ఏముందో చూద్దామని నిన్న రాత్రి 63 క్లాజులూ చదివా. నీరుగారిపోయాను. థేమ్స్ నదిలో చేపల కోసం వేసిన అడ్డుకట్లు పీకేయాలట (33). దేశమంతా ధాన్యానికీ బీరుకీ ద్రాక్షసారాకీ ఒకే కొలత ఉండాలట (35). ఎవరో జెరార్డ్ అనేవాడి చుట్టాలందర్నీ ఉద్యోగాల్లోంచి పీకేస్తారట (50). హక్కులెక్కడున్నాయో వెతుక్కోవాల్సి వచ్చింది. మా రూమ్మేటు చూసి, "ఇది జమీందార్లు రాజుతో రాయించుకున్న అగ్రిమెంటురా, మనకేం సంబంధం" అని తేల్చేశాడు. వాడు చెప్పింది నిజమేనా? దీన్ని హక్కుల పత్రం అనొచ్చా?

అడ్డసవాల్:
మీ రూమ్మేటుకి దండేసి దండం పెట్టండి. ముమ్మాటికీ నిజం. 1215లో ఇంగ్లండు రాజు జాన్ మీద తిరగబడింది ప్రజలు కాదు, బారన్లు. అంటే రాజు దగ్గర భూములు పుచ్చుకుని, బదులుగా యుద్ధానికి సైన్యాన్నిచ్చే పెద్దలు. వాళ్ల కడుపుమంట ఏమిటి? జాన్ 1204లో ఫ్రాన్సు వైపు తనకున్న నార్మండీ పోగొట్టుకున్నాడు. దాన్ని తిరిగి రాబట్టుకోవాలని పదేళ్లపాటు వీళ్లని పిండాడు. 1214లో బూవీన్ దగ్గర అతని పక్షం చావుదెబ్బ తింది. డబ్బూ పోయింది, పరువూ పోయింది. వీళ్లు వచ్చే ఏడాది మే 17న లండన్ పట్టుకున్నారు. దిక్కులేక జూన్ 15న రాజు రన్నీమీడ్ పచ్చికలో కూర్చుని ఒప్పుకున్నాడు.

ఎలా పిండాడో చూడండి. జాన్ తను వదిలేసిన మొదటి భార్యని జెఫ్రీ డి మాండవిల్ అనే బారన్‌కిచ్చి పెళ్లి చేసి, అందుకు 20,000 మార్కుల బాకీ నెత్తిన పెట్టాడు. మార్కంటే పౌనులో మూడింట రెండొంతులు, కాబట్టి పదమూడు వేల పౌన్ల పైమాట. ఇక చార్టర్ రెండో క్లాజు చదవండి: బారన్ చచ్చిపోతే కొడుకు ఆస్తి మీద కట్టాల్సింది 100 పౌన్లే, అంతకు మించి అడగరాదు. ఇదీ వాళ్ల స్వేచ్ఛ! చార్టర్ అమలు చూడ్డానికి పెట్టిన 25 మంది బారన్లలో ఆ మాండవిల్ కూడా ఉన్నాడు. అప్పు ఉన్నవాడే పంచాయతీ పెద్ద.

పొలం దున్నే విల్లీన్ల సంగతి? దొర చెప్పిందే వాళ్లకి చట్టం. ఆడవాళ్ల సంగతి? 54వ క్లాజు: స్త్రీ ఫిర్యాదు చేస్తే, చచ్చింది ఆమె మొగుడైతే తప్ప ఎవర్నీ హత్యానేరం కింద పట్టుకోకూడదు. కొడుకును చంపినా ఆ తల్లి మాట చెల్లదన్నమాట. పైగా ఈ మహాపత్రం బతికింది ఎన్నాళ్లు? ఆగస్టు 24న పోప్ మూడో ఇన్నోసెంట్ రద్దు చేసిపారేశాడు. పది వారాలు. మా ఇంట్లో ఆవకాయ జాడీ ఇంతకన్నా ఎక్కువ కాలం ఉంటుంది.

ప్లీడరమ్మ:
అడ్డసవాల్ గారూ, జాడీ బాగుంది గానీ ముక్కలన్నీ మీకు కావాల్సినవే ఏరుకున్నారు. నేను జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. పత్రం చేతికొస్తే ముందు మాటలు చూడ్డం మాకలవాటు, 39, 40 పక్కపక్కన పెట్టి చూద్దాం.

39 చెప్పేది ఇది: ఏ స్వతంత్రుణ్ణీ పట్టుకోకూడదు, చెరలో పెట్టకూడదు, భూమి లాక్కోకూడదు, దేశం నుంచి తరమకూడదు. తనతోటివారి తీర్పుతో గానీ, దేశ చట్టం ప్రకారం గానీ తప్ప. ఇక్కడ లాటిన్‌లో 'లిబెర్ హోమో' అని ఉంది, స్వతంత్రుడు అని. విల్లీన్ ఇందులోకి రాడు, ఒప్పుకుంటాను. వెంటనే 40 చూడండి: 'నుల్లీ' అని మొదలవుతుంది. ఎవరికీ న్యాయాన్ని అమ్మం, ఎవరికీ కాదనం, ఆలస్యం చెయ్యం. ఇక్కడ స్వతంత్రుడన్న మాట లేదు, 'ఎవరికీ' అని ఉంది. రాసినవాడు పై వాక్యంలో అంత జాగ్రత్తగా గీత గీసి, కింది వాక్యంలో గియ్యలేదు. తర్వాత వచ్చిన లాయర్లకి ఆ సందు చాలు.

39 ఎందుకు పుట్టిందో కూడా చెప్పాలి. విలియం డి బ్రియోజ్ ఒకప్పుడు జాన్‌కి కుడిభుజం. చెడింది. 1210లో అతని భార్య మటిల్డానీ పెద్దకొడుకునీ రాజు ఖైదులో పెడితే తిండి లేక మాడి చచ్చిపోయారు. విచారణ లేదు, తీర్పు లేదు. 'చట్టం ప్రకారం గానీ తప్ప' అన్న మాట వెనక ఆ తల్లీకొడుకులున్నారు.

చిన్నవాళ్లకి ఏమీ లేదన్నారు. 28: కోటలో అధికారి ఎవరి ధాన్యం తీసుకున్నా అక్కడికక్కడే డబ్బివ్వాలి. 30: బండ్లూ గుర్రాలూ యజమాని ఒప్పుకోకుండా పట్టుకుపోకూడదు. 38: సాక్షులు లేకుండా అధికారి తన ఒక్కడి మాట మీద ఎవర్నీ బోనెక్కించకూడదు. 8: విధవను బలవంతంగా మారుపెళ్లికి ఒత్తిడి చెయ్యకూడదు. తాసీల్దారు క్యాంపుకొస్తే ఊళ్లో కోళ్లూ పాలూ ఎక్కడికెళ్లేవో మీ తాతగారిని అడగండి, 28వ క్లాజు విలువ తెలుస్తుంది.

ఉప్పుటేరు:
33వ క్లాజుని ఎవరూ ఏమనకండి. నీళ్లకి అడ్డంగా వలకట్లు కడితే పైనున్న ఊళ్లకి ఏమవుతుందో మా భీమవరం వైపు వాళ్లనడగండి. ఎనిమిది వందల ఏళ్ల కిందటే రాజు చేత రాయించుకున్నారంటే నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది 😄

అడ్డసవాల్:
@ప్లీడరమ్మ, 'నుల్లీ' బాగుంది. కానీ విల్లీన్ తన దొర మీద భూమి కోసం రాజుగారి కోర్టుకెక్కడానికే వీల్లేదు. తలుపు మూసేసి "ఎవరికీ కాదనం" అంటే సరిపోతుందా? 20వ క్లాజులో విల్లీన్ పేరు వస్తుంది లెండి, జరిమానా వేసినా అతని సాగు సామగ్రి జోలికి పోకూడదని. అది విల్లీన్ మీద ప్రేమా? నాగలి పోతే దొర పొలం బీడుపడుతుంది. 1217లో మళ్లీ ఇచ్చినప్పుడు ఆ రక్షణ రాజుగారి సొంత విల్లీన్లకి వర్తించదని మార్చేశారు కూడా. పశువుకి దెబ్బ తగలకూడదని పశువు యజమాని కోరుకోడా?

మీరంతా పొగిడేది 1215 పత్రాన్ని కాదు. నాలుగొందల ఏళ్ల తర్వాత ఎడ్వర్డ్ కోక్ అనే జడ్జి, స్టువర్టు రాజులతో పోట్లాటలో దుమ్ము దులిపి ఎత్తిపట్టిన కథని. 1628 పిటిషన్ ఆఫ్ రైట్, అంటే పార్లమెంటు రాజు ముందు పెట్టిన హక్కుల అర్జీ, ఆయన పుణ్యం. పాత సీసాలో కొత్త సారా కాదు, కొత్త సారాకి పాత సీసా వెతికారు.

థేమ్స్_గట్టు:
నేను స్టెయిన్స్ పక్కనే ఉంటాను, రన్నీమీడ్ మాకు నడక దూరం. ఎవరైనా చుట్టాలొస్తే తీసుకెళ్తాం, వాళ్లు నిరాశపడతారు. గడ్డి, నది, నెత్తిమీద హీత్రో విమానాలు. అంతే. అక్కడున్న గుర్తుమండపం ఇంగ్లీషువాళ్లు కట్టింది కూడా కాదు, 1957లో అమెరికా లాయర్ల సంఘం కట్టించింది. వాళ్ల రాజ్యాంగం ఐదో సవరణలో 39వ క్లాజు వాసన ఉంది కదా, ఆ రుణం.

అసలు ప్రతులు 1215వి నాలుగే మిగిలాయి. రెండు బ్రిటిష్ లైబ్రరీలో, ఒకటి లింకన్‌లో, ఒకటి సాల్స్‌బరీ చర్చిలో. సాల్స్‌బరీది చూశాను. చీకటి గుడారం లాంటి చోట, గాజు వెనక. ఒక్క తోలు రేకు. పేరాల్లేవు, అంకెల్లేవు, అక్షరాలు చీమలబారులా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. క్లాజులకి నంబర్లు తర్వాతి కాలపు పండితులు వేసుకున్నవి. మనం ఇక్కడ 39, 40 అని పోట్లాడుతున్నాం గానీ ఆ రాయసగాడికి రెండూ ఒకే పాటన సాగిన వాక్యాలు. ఇంకొకటి, బొమ్మల్లో జాన్ ఈకకలం పట్టుకుని సంతకం పెడుతుంటాడే, అబద్ధం. సంతకం లేదు. రాజముద్రే.

2018లో ఒకడు సుత్తి పట్టుకొచ్చి ఆ గాజుపెట్టె పగలగొట్టబోయాడు. పత్రానికేం కాలేదు. వట్టి అగ్రిమెంటు కాగితమైతే ఎవడైనా సుత్తి మోసుకొస్తాడా అడ్డసవాల్ గారూ?

అడ్డసవాల్:
సుత్తి సాక్ష్యం కోర్టులో చెల్లుతుందా ప్లీడరమ్మగారూ?

ప్లీడరమ్మ:
వస్తువుగా మార్కు చేయించవచ్చు, ఎగ్జిబిటుగా 🙂

చాక్‌పీసు:
ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఇద్దరూ 1215 దగ్గరే కొట్టుకుంటున్నారు. అసలు కథ 1225లో ఉందని నేననుకుంటాను.

1215 పత్రంలో రాజు చేతులు నిజంగా కట్టేసింది రెండు చోట్ల. 12వ క్లాజు: అందరి సమ్మతి లేకుండా స్క్యూటేజ్, అంటే యుద్ధానికి బదులుగా కట్టే డబ్బు, వసూలు చెయ్యకూడదు. ఇక 61. ఇది విచిత్రమైంది. రాజు మాట తప్పితే నలుగురు బారన్లు వెళ్లి చెప్తారు. నలభై రోజుల్లో సరిచెయ్యకపోతే 25 మందీ కలిసి, దేశజనాన్ని వెంటేసుకుని, రాజు కోటలూ భూములూ జప్తు చెయ్యొచ్చు. రాజునీ రాణినీ పిల్లల్నీ మాత్రం ముట్టుకోకూడదు. రాజు తన మీద తనే జప్తు వారంటు రాసిచ్చినట్టు. ఏ రాజు ఊరుకుంటాడు? పోప్ రద్దు చేశాడు, యుద్ధం మొదలైంది. ఆ లెక్కన అడ్డసవాల్ గారిది రైటే, ఆ పత్రం ఫెయిలైంది.

మరుసటేడు అక్టోబరులో జాన్ చచ్చిపోయాడు. కొడుకు మూడో హెన్రీకి తొమ్మిదేళ్లు. సగం దేశం ఫ్రెంచి యువరాజు వైపుంది. పిల్లరాజు తరఫున పెత్తనం చేస్తున్న ముసలి యోధుడు విలియం మార్షల్ నవంబరులో ఏం చేశాడు? శత్రువు ఆయుధాన్నే తన చేతిలోకి తీసుకున్నాడు. మాగ్నాకార్టాని రాజే స్వయంగా ఇస్తున్నట్టు మళ్లీ ప్రకటించాడు. 12, 61 రెండూ తీసేసి. 1217లో ఇంకోసారి, ఈసారి అడవులకి వేరే చార్టర్‌తో కలిపి. అది చిన్నది, ఇది పెద్దది. 'మాగ్నా', అంటే పెద్ద, అన్న పేరు అప్పుడొచ్చింది. గొప్పదని కాదర్రా, పొడుగని!

ఆ అడవుల చార్టర్ని ఎవరూ పట్టించుకోరు, నాకు బాధ. రాజుగారి అడవిలో జింకని చంపితే ప్రాణమో అవయవమో పోయే రోజులు. ఇక మీదట వేటమాంసం కోసం ఎవరి ప్రాణమూ అవయవమూ తియ్యమని పదో క్లాజులో రాసిచ్చారు. అడవి అంచున ఉన్న పేదోడికి 39 కన్నా అది దగ్గరి చుట్టం.

ఇప్పుడు 1225. హెన్రీ పెద్దవాడవుతున్నాడు, ఫ్రాన్సులో యుద్ధానికి డబ్బు కావాలి. పెద్దలు అన్నారు: ఇస్తాం, చార్టర్ మళ్లీ ఇవ్వు. అందరి చరాస్తిలో పదిహేనో వంతు పన్ను, బదులుగా చార్టర్. ఈసారి ఎవడూ కత్తి పెట్టలేదు, రాజు తన ఇష్టపూర్తిగా ఇస్తున్నానని రాశాడు. కాబట్టి బలవంతం కింద రాయించుకున్నారని పోప్ రద్దు చేసే దారి మూసుకుపోయింది. తర్వాత రాజుకి డబ్బు అవసరమైనప్పుడల్లా ఇదే తంతు. 1297లో మొదటి ఎడ్వర్డ్, ఫ్రాన్సుతోనూ స్కాట్లండుతోనూ యుద్ధాలు పెట్టుకుని ఖజానా ఖాళీ చేసుకుని మళ్లీ ఖాయం చేశాడు. ఈనాటికీ అక్కడి చట్టపుస్తకంలో ఉన్నది ఆ 1297 పాఠమే. నాలుగైదు ముక్కలు తప్ప మిగతాదంతా కొట్టేశారు. 39, 40 కలిసి 29వ అధ్యాయంగా మిగిలాయి.

నేను పిల్లలకి చెప్పింది ఇదే: మాగ్నాకార్టా హక్కుల పత్రమూ కాదు, ఒక్కసారి జరిగిన బేరమూ కాదు. పన్నుకి ఇచ్చిన రసీదు. రసీదు పోగొట్టుకోకుండా దాచుకున్నారు, మళ్లీ పన్నడిగిన ప్రతిసారీ బయటికి తీశారు.

ఓరుగల్లు_పోరడు:
సార్, మంచిగ చెప్పిన్రు. మన దిక్కు గూడ గసోంటిదొకటి ఉన్నది, గైడ్లల్ల ఒక్క లైనుకు మించి రాయరు. మోటుపల్లి అభయ శాసనం. కాకతీయ గణపతిదేవుడు శక 1166ల ఇచ్చిండు, అంటే 1244-45. మీరు చెప్పిన 1225కి ఇరవై ఏండ్లు దాటలే. మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాల, చినగంజాం దగ్గర. అప్పట్ల పెద్ద రేవు, మార్కోపోలో గూడ ముట్ఫిలి అని రాసుకున్నడు.

అండ్ల ఏమున్నదంటే: ఇదివరకు రాజులు, తుపానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పగిలిన ఓడల మీది సరుకు, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్ని గుంజుకునేటోళ్లు. మేము గట్ల చెయ్యం. ప్రాణం కన్న ధనం ఎక్కువని సముద్రం మీద సాహసం జేసొచ్చినోళ్లకు క్లుప్త శుల్కం, అంటే ముందే ఖాయం జేసిన సుంకం, తప్ప మిగిలిందంత వదిలిపెడుతున్నం. సుంకం ముప్పైల ఒక వంతు. అక్కడ 41వ క్లాజు గూడ వ్యాపారులకు అభయమే గదా, పాత న్యాయమైన సుంకాలే ఉంటయి, అక్రమ వసూళ్లు ఉండయి అని. మరి మనదాన్ని ఎందుకు మాగ్నాకార్టా అనరు?

అడ్డసవాల్:
తమ్ముడూ, గణపతిదేవుడి మీద ఎవరూ దండెత్తి రాయించుకోలేదు. దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం ఇచ్చానని ఆయనే చెప్పుకున్నాడు. ఇచ్చినవాడు తీసుకుంటే అడిగేదెవడు?

ఓరుగల్లు_పోరడు:
అన్నా, ఓడలు వేరే రేవుకు పోతయి గదా! అదే అడిగేది. వర్తకుడు రాకుంటే సుంకమే లేదు. సార్ చెప్పిన పన్ను రసీదు లెక్కనే ఉన్నది ఇది గూడ. తర్వాత రెడ్డిరాజు అనపోతారెడ్డి మోటుపల్లికి మల్ల అభయమిచ్చిండు.

ప్లీడరమ్మ:
పోరడి వాదన గట్టిది, తోసెయ్యకండి. కానీ తేడా ఒకటుంది, పూచీ ఎవరిదన్నది. మన దానశాసనాల చివర ఉండే శ్లోకం గుర్తుందా? తానిచ్చినా ఇతరులిచ్చినా ఆ భూమిని హరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. రాజు మాట తప్పితే చూసుకునేది యముడు. రన్నీమీడ్‌లో చూసుకునేది పక్కనే గుర్రాల మీదున్న 25 మంది. శాపం ఉన్నచోట కోర్టు పుట్టదు, పూచీదారు ఉన్నచోట పుడుతుంది అని నా అనుమానం.

చాక్‌పీసు:
అమ్మా, అక్కడ చిన్న సవరణ. శాపాలు వాళ్లకీ ఉన్నాయి. 1253లో వెస్ట్‌మినిస్టర్‌లో, మూడో హెన్రీ ఎదురుగానే, బిషప్పులు వెలుగుతున్న కొవ్వొత్తులు పట్టుకుని నిలబడి, చార్టర్ని మీరినవాళ్లని వెలివేస్తున్నామని చదివి, కొవ్వొత్తులు నేలకేసి కొట్టారు. ఆరి పొగలు కక్కుతుంటే, మీరినవాళ్లు నరకంలో ఇలాగే ఆరి కంపుకొట్టాలని శపించారు. మన పురుగూ వాళ్ల పొగా ఒకటే. ఇంతా చేసి అయిదేళ్లకి మళ్లీ రాజుకీ బారన్లకీ తగువు. కాబట్టి తేడా శాపంలో లేదు. ఆ శాపం తర్వాత కూడా పన్ను మంజూరు చెయ్యాల్సినవాళ్లు మళ్లీ మళ్లీ ఒకచోట కూర్చున్నారు, ఆ కూర్చోవడమే పార్లమెంటయింది. మోటుపల్లి వర్తకులకి కలిసి కూర్చునే చావడి ఉందేమో గానీ రాజు కూడా వచ్చి డబ్బడగాల్సిన చావడి లేదు.

ప్లీడరమ్మ:
సరే, పురుగుని వెనక్కి తీసుకుంటున్నా. మాస్టారికి నావైపు నుంచి ఒకటి. పన్ను కట్టినవాడి రసీదైతే, పన్ను కట్టనివాడికి వర్తించకూడదు కదా? 1354లో మూడో ఎడ్వర్డ్ కాలపు చట్టం చూడండి. 'స్వతంత్రుడు' తీసేసి, 'ఏ స్థితిలో, ఏ హోదాలో ఉన్న మనిషినైనా సరే' అని రాశారు, సరైన న్యాయ ప్రక్రియతో జవాబు చెప్పుకోనివ్వకుండా ఏమీ చెయ్యకూడదని. 'డ్యూ ప్రాసెస్' అన్న మాట అప్పటిది. రసీదు మీద పేరు మారిపోయింది మాస్టారూ, ఎవరి చేతిలో ఉంటే వారిది.

అడ్డసవాల్:
చేతిలో ఉంటే సరిపోతుందా? ప్రాణానికీ స్వేచ్ఛకీ రక్షణనిచ్చే మన రాజ్యాంగం 21వ అధికరణం తీసుకోండి. రాజ్యాంగసభ 'డ్యూ ప్రాసెస్' వద్దనుకుని 'చట్టం నిర్దేశించిన పద్ధతి' అని పెట్టుకుంది. 'దేశ చట్టం ప్రకారం' అన్న మేరకు 39వ క్లాజు మనకి ఉన్నట్టే. 1976లో ఏడీఎం జబల్‌పూర్ కేసులో ఏమైంది? ఎమర్జెన్సీలో అన్యాయంగా జైల్లో పెట్టారని హెబియస్ కార్పస్ (బందీని కోర్టు ముందుకు తెమ్మనే అర్జీ) వేసుకుంటే, ఆ హక్కు ఇప్పుడు లేదు పొమ్మని సుప్రీంకోర్టు 4-1తో చెప్పింది. జాన్ రాజుకి పోప్ కావాల్సొచ్చింది. మనకి అదీ అక్కర్లేకపోయింది.

ప్లీడరమ్మ:
ఆ ఒకటి ఎవరండీ? హెచ్.ఆర్. ఖన్నా. ఆయన సీనియారిటీని తోసి జూనియర్‌ని ప్రధాన న్యాయమూర్తిని చేస్తే రాజీనామా ఇచ్చి వెళ్లిపోయారు. 1978లో మేనకా గాంధీ కేసులో, 'పద్ధతి' అంటే ఏదో ఒక పద్ధతి కాదు, న్యాయమైనదై ఉండాలని అదే కోర్టు అంది. అదే ఏడాది 44వ సవరణతో, ఎమర్జెన్సీలోనైనా 20, 21 అధికరణాల్ని ఆపడానికి వీల్లేకుండా చేశారు. 2017లో జబల్‌పూర్ తీర్పునే కొట్టేశారు. మీ పది వారాల ఆవకాయ కథే ఇది కూడా. 1215 ఫెయిలైతే 1216, 1217, 1225.

అడ్డసవాల్:
ఒప్పుకుంటా, సగం. 1215 కాగితం మీద నా మాట మీదే ఉన్నా. మాస్టారి రసీదు మాత్రం నచ్చింది, దొంగిలిస్తా.

ఉప్పుటేరు:
అందరూ 39 మీద పడ్డారు, నాకు 40 చదివితే నవ్వాగలేదు. 'ఆలస్యం చెయ్యం'! మా తాత వేసిన పొలం పంపకాల దావా ఒక కోర్టులో ఇరవై మూడేళ్లు నడిచింది. తాత పోయాడు, అవతలి పక్షం తాతా పోయాడు. తీర్పొచ్చేసరికి ఆ చెక్క మధ్యలోంచి రోడ్డు పోయింది. జాన్ రాజు ముద్రేసిన మాట ఒక్కటి మా నాన్నకి చూపిస్తే ఆయనేమంటాడో!

ప్లీడరమ్మ:
ఏమంటారో నాకు తెలుసన్నయ్యా, రోజూ వింటుంటాను. రేపు నాకు ఆరు కేసులున్నాయి, నాలుగు వాయిదా పడతాయని ఇప్పుడే చెప్పగలను. అమ్మం, కాదనం అన్న రెంటికీ సమాధానం చెప్పుకోగలం. మూడోదానికి మా బార్‌లో ఎవరి దగ్గరా జవాబు లేదు.

గ్రూప్స్_పక్షి:
అందరికీ చాలా థాంక్స్. థ్రెడ్ మొత్తం రూమ్మేటుకి చదివి వినిపించా. మోటుపల్లి దాకా ఒప్పుకోలేదు, ఓడలు వేరే రేవుకి పోతాయన్న పాయింటుకి ఆగాడు. మాస్టారూ, చివరిగా ఒక్కటి. మాగ్నాకార్టా నిజంగా నిలబడింది 1225లో కదా, పరీక్షలో ఏ సంవత్సరం రాయమంటారు?

చాక్‌పీసు:
1215 అనే రాయి నాయనా. 1225 అని రాస్తే దిద్దేవాడు సున్నా చుడతాడు. ఈ థ్రెడ్ ఇంటర్వ్యూకి దాచుకో.